కొత్త ట్రాక్టరు సీటు వెనక ఉన్న ఇనుప కమాను

పాకాల దగ్గర, మన ఊరి నుంచి.

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి మీ తాత ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, మీ అవ్వ క్షేమం.

కొత్త ట్రాక్టరు ఫోటో చూసి మీరిద్దరూ ఫోనులో అడిగినప్పుడు, కాగితాల మీద సంతకాలు పెట్టమని షోరూము వాళ్లు తొందరపెడుతూ ఉండడం వల్ల నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. పక్కింటి వాళ్ల బండికి ఉన్నట్టు మన బండికి టాపు ఎందుకు వేయించలేదని పెద్దవాడు అడిగాడు. సీటు వెనక గుమ్మంలాగా నిలబడిన ఆ ఇనుప కమానుకు ఊయల కట్టుకోవచ్చా అని చిన్నది అడిగింది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది గనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆ కమానును షోరూములో రోల్ బార్ అంటారు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో రోప్స్ అని ఉంటుంది, బోల్తా పడినప్పుడు కాపాడే చట్రం అనే ఇంగ్లీషు మాటలకు అది పొట్టి పేరు. ట్రాక్టరు బోల్తా పడినప్పుడు తోలే మనిషి దాని కింద నలిగిపోకుండా సీటు చుట్టూ కొంత ఖాళీ జాగాను మిగిల్చి ఉంచడం దాని పని. బండి బోల్తా పడకుండా ఆపడం మాత్రం దాని చేతిలో లేదు. అది తోలేవాడి చేతిలోనే ఉంది. ఈ తేడా తెలియక, కమాను ఉంది కదా అని చెరువు కట్ట మీద వేగంగా తోలేవాళ్లను నేను చూశాను.

ట్రాక్టరు కారులాగా పక్కకే కాదు, వెనక్కి కూడా తిరగబడుతుంది. ఎద్దులబండి తోక వైపు బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుందని మీ అవ్వ చెప్పగా విని ఉంటారు. ట్రాక్టరుకు ఆ గుణం పుట్టుకతోనే ఉంది. రెండు చక్రాలతో లాగే బండి బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు వెనక చక్రాల మీదనే ఉంటుంది. ఇంజను వెనక ఇరుసును తిప్పాలని చూస్తుంది, ఇరుసు చక్రాలను తిప్పాలని చూస్తుంది. చక్రాలు బురదలో దిగబడి కదలకపోతే ఆ బలం ఊరకనే పోదు గనుక, చక్రాలు తిరగడానికి బదులు ఇరుసు చుట్టూ బండి ఒళ్లే తిరగడం మొదలుపెడుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. అలా లేచిన తర్వాత ఇక వెనక్కి తిరిగి రాలేని చోటికి చేరడానికి ముక్కాలు సెకను, పూర్తిగా తలకిందులై నేలను తాకడానికి ఒకటిన్నర సెకను పడుతుందని లెక్క కట్టారు. మీరు ఒకసారి రెప్ప వేసి, "అయ్యో" అనేలోపు పని అయిపోతుంది.

ఈ లెక్క నేను చదవకముందే ఒకసారి నా ఒంటి మీదకు వచ్చింది. నా వయసు అప్పటికి ముప్పై దాటలేదు. గానుగకు చెరకు తోలుతుండగా, వాన పడి నానిన కయ్యలో ట్రైలరుతో సహా బండి దిగబడింది. వెనక చక్రాల ముందు ఒక తుమ్మ మొద్దు అడ్డంగా వేసి, దాని మీదకు ఎక్కిద్దామని గేరు వేసి క్లచ్చు ఒక్కసారిగా వదిలాను. ముందు చక్రాలు నా రొమ్ము ఎత్తుకు లేచాయి, కళ్ల ముందు చెరకు తోట పోయి ఆకాశం కనిపించింది. క్లచ్చు తొక్కాలన్న ఆలోచన నాకు రానే లేదు. ఇంజను దానంతటదే ఆగిపోవడం వల్ల బండి దబ్బుమని మళ్లీ నేల మీద పడింది, నేను బతికాను. ఆ బండికి కమానూ లేదు, బెల్టూ లేదు. ఆ రోజు చేసిన తప్పు మొద్దు వేయడం. దిగబడిన బండిని రివర్సులో తీయాలి, అలా రాకపోతే ఇంకో బండితో లాగించుకోవాలి.

పక్కకు పడడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గెనిమ అంచున చక్రం జారడం, మలుపులో వేగం తగ్గించకపోవడం, కుడి, ఎడమ చక్రాలకు విడివిడిగా ఉండే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయకుండా రోడ్డు మీద తోలి ఒక పక్క బ్రేకు మాత్రమే తొక్కడం దీనికి కారణాలు. వేగం రెట్టింపైతే మలుపులో బండిని బయటికి తోసే బలం నాలుగింతలవుతుందన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు కమాను సంగతికి వస్తాను. స్వీడన్ దేశంలో 1959 నుంచి కొత్త ట్రాక్టర్లన్నిటికీ ఇటువంటి చట్రం ఉండాలని నియమం పెట్టారు. అమెరికాలో 1985 నుంచి కంపెనీలు తమంతట తామే దీన్ని అమర్చి అమ్మడం మొదలుపెట్టాయి. వీటిని ఊరికే గొట్టాలు వంచి చేయరు. పరీక్షలో ఒక పద్ధతి ప్రకారం చట్రాన్ని వెనక నుంచి, పక్క నుంచి జాకీలతో నెడతారు, ఆ పైన ట్రాక్టరు బరువుకు రెండింతల భారంతో నొక్కుతారు. మరో పద్ధతిలో 2000 కిలోల దిమ్మను గొలుసులకు వేలాడదీసి, ఊపి కొడతారు. చట్రం వంగవచ్చు, వంగాలి కూడా. ఆ దెబ్బ బలాన్ని ఇనుము వంగుతూ మింగేస్తుంది. అయితే సీటులో మనిషి తల, ఒళ్లు ఉండే జాగాలోకి మాత్రం అది రాకూడదు. వంగి దెబ్బను మింగే గుణం ఒక్కసారికే ఉంటుంది గనుక, ఒకసారి బోల్తా పడిన బండి కమానును కొట్టి సరిచేసి మళ్లీ వాడకూడదు, కొత్తది వేయించాలి. మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. పెద్దవాడు ఇంజనీరింగు చదువుతానంటున్నాడు కదా, ఒకసారి చూసి రావలసిన చోటు.

టాపు ఎందుకు వేయించలేదో ఇక మీకు అర్థమై ఉంటుంది. బండి అప్పగించే రోజు షోరూములో ఒక కుర్రవాడు, "పెద్దాయనా, ఈ రోల్ బార్ విప్పేసి మంచి టాపు బిగిస్తాం, ఎండ తగలదు, పాటలకు స్పీకర్లు కూడా వస్తాయి" అన్నాడు. టాపు యాంగిలరు ముక్కలతో, పలుచటి రేకుతో చేసింది. ఎండను ఆపుతుంది, బండి బరువును ఆపలేదు. దానికీ కమానులాగే ఇనుప కాళ్లు ఉండడం వల్ల చాలామంది అదే రక్షణ అనుకుంటారు. టాపు కావాలంటే కంపెనీ వాళ్లు ఈ కమానుకు సరిపోయేట్టు తయారు చేసిందే తెచ్చుకోవాలి గానీ, ఊళ్లో వెల్డింగు షాపులో కమానుకు రంధ్రాలు పెట్టించి, రేకు అతికించుకోకూడదు. రంధ్రం పడిన చోట, వెల్డింగు వేడి తగిలిన చోట ఇనుము బలం మారిపోతుంది, పరీక్షలో నిలబడిన చట్రం ఇక అది కాదు. ఈ మాట చెబితే ఆ కుర్రవాడు నన్ను చాదస్తపు ముసలివాడి కింద జమకట్టాడు.

ఆ చాదస్తంతోనే సంతకం పెట్టేముందు గంటసేపు బండి చుట్టూ తిరిగాను. మొదట కమాను మీద అతికించిన చీటీ వెతికాను. అందులో తయారు చేసినవారి పేరు, నంబరు, అది ఏ మోడలు ట్రాక్టరుకు సరిపోతుందో, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో ఉండాలి. మన బండి మోడలు పేరు అందులో ఉందో లేదో మీ నాన్న చేత చదివించి చూసుకున్నాను. తర్వాత ఇరుసు మీద కమాను కాళ్లు బిగించిన బోల్టుల దగ్గర కూర్చున్నాను. గట్టి బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె చెక్కి ఉంటుంది. కుడి కాలికి నాలుగు బోల్టులూ అంకెలున్నవే, ఎడమ కాలికి మూడే అలా ఉన్నాయి. నాలుగోదాని తల నున్నగా ఉంది. ఎక్కడో పోతే దొరికింది బిగించారన్నమాట. మార్చమన్నాను, మార్చి, టార్కు రెంచితో పుస్తకంలో చెప్పినంత బిగువుకు బిగించారు. మెకానిక్కు మటుకు మంచివాడు, విసుక్కోలేదు.

మన కమాను నడుము దగ్గర మడిచే రకం. నిలబెట్టినప్పుడు రెండు పక్కలా రెండు లావు పిన్నులు దూర్చి, అవి జారిపోకుండా చివర చిన్న క్లిప్పు పెట్టాలి. ఎడమ పక్క క్లిప్పు ఉండవలసిన చోట బైండింగు వైరు ముక్క రెండు చుట్లు చుట్టి ఉంది! కొత్త బండి, ఆయుధపూజ బండిలాగా పూలదండలు వేసి నిలబెట్టారు గానీ, ప్రాణం నిలిపే పిన్నుకు మాత్రం చుట్టింది ఆ వైరు. పొలంలో కుదుపులకు వైరు తెగుతుంది, పిన్ను జారుతుంది, కమాను నిలబడినట్టే కనిపిస్తూ బోల్తా పడినప్పుడు మడుచుకుపోతుంది. అసలు క్లిప్పు పెట్టేదాకా నేను కుర్చీలో నుంచి లేవలేదు.

మడిచే కమాను మనకు అవసరమే. మామిడి తోటలో కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, నిలబెట్టి దున్నితే కొమ్మలు విరుగుతాయి, లేదా కొమ్మకు తగులుకుని కమానే బండిని వెనక్కి లాగుతుంది. అందుకని తోటలో మడుస్తాం. తోట దాటి గేటు బయటికి రాగానే, బండి ఆపి, దిగి, మళ్లీ నిలబెట్టి పిన్నులు వేయాలి. మన వైపు జనం తప్పుతున్నది ఇక్కడే. మామిడికాయల కాలంలో ఒకసారి మడిచిన కమాను దీపావళి దాకా అలాగే ఉంటుంది. మడిచిన కమాను ఉన్నా లేనట్టే.

సీటు బెల్టు విషయంలో మీరు తికమక పడకూడదు. కమాను నిలబడి ఉంటే బెల్టు తప్పక పెట్టుకోవాలి. లేకపోతే బండి తిరగబడేటప్పుడు మనిషి సీటులో నుంచి ఎగిరి బయట పడతాడు, కాపాడవలసిన ఆ కమానే వచ్చి అతని మీద పడుతుంది. కమాను, బెల్టు రెండూ కలిసి పనిచేస్తే బోల్తాలలో 100కు 99 మంది చావు నుంచి, పెద్ద దెబ్బల నుంచి తప్పించుకుంటారని అమెరికాలో వ్యవసాయ భద్రత గురించి చెప్పేవాళ్లు అంటారు. కమాను మడిచి ఉన్నప్పుడు గానీ, అసలు కమానే లేని మన పాత బండి మీద గానీ బెల్టు పెట్టుకోకూడదు; అప్పుడు అది మనిషిని బండికి కట్టి నలిపించినట్టు అవుతుంది. కొత్త బండి బెల్టు ప్లాస్టిక్ కవరులోనే ఉండి, ఒక కొస సీటు కింద ఇరుక్కుని ఉంది. బయటికి లాగి, నాలుగైదుసార్లు పెట్టి తీసి చూశాను, గట్టిగానే పట్టుకుంటోంది.

ఇక ఊయల. చిన్నదానా, దానికి ఊయలే కాదు, ఏ తాడూ కట్టకూడదు. దిగబడిన బండిని లాగడానికి కొందరు గొలుసును ఈ కమానుకే తగిలిస్తారు. లాగే బరువు కింద డ్రాబారు దగ్గర, అంటే బండి వెనక ట్రైలరు తగిలించే కడ్డీ దగ్గర ఉంటేనే ముందు చక్రాలు నేల మీద ఉంటాయి. ఇరుసు కన్నా పైన తగిలిస్తే, నేను చెరకు కయ్యలో చూసిన ఆకాశం వాళ్లకూ కనిపిస్తుంది. ఊయల వేపచెట్టుకు కడతాను.

కాణిపాకం తిరునాళ్లకు పోయిన ఏడు మడ్‌గార్డు మీద కూర్చుని వెళ్లినట్టు ఈ ఏడు కుదరదని ముందే చెబుతున్నాను, తర్వాత అలగవద్దు. కమాను మిగిల్చే ఖాళీ జాగా సీటులో బెల్టు కట్టుకున్న ఒక్క మనిషికే సరిపోతుంది. మడ్‌గార్డు మీద ఎవరు కూర్చున్నా ఆ జాగాకు బయటే ఉంటారు. మనం బస్సులో వెళ్దాం.

వేసవిలో మీరు వచ్చేసరికి తోటలో దున్నకం నడుస్తూ ఉంటుంది. గేటు దగ్గర బండి ఆపి, తాళం తీసి నా జేబులో వేసుకుని, కమాను నేనే ఎత్తి పట్టుకుంటాను. పిన్నులు వేసి క్లిప్పులు పెట్టడం మీ ఇద్దరి పని. కుడిది పెద్దవాడిది, ఎడమది చిన్నదానిది. క్లిప్పు పోతే పెట్టడానికి ఇంకో రెండు కొని, మీ అవ్వ పోపుల పెట్టెలో దాచాను. ఆమెకు ఇంకా తెలియదు.

ఆశీస్సులతో,
మీ తాత