పెంచలకోనలో నీళ్ళు ఎందుకు దూకుతాయి?

జులైలో జలపాతం చూద్దామని పెంచలకోనకి పోయినవాళ్ళు ఎండిన బండలు చూసి, నరసింహస్వామి గుళ్ళో దండం పెట్టుకుని వచ్చేస్తుంటారు. వాళ్ళ తప్పేం లేదు, ఫోన్లో కనపడే జలపాతాలన్నీ జులై, ఆగస్టుల్లోనే పొంగుతుంటాయి మరి. నెల్లూరు లెక్క వేరు. మనకి ఏడాది వానలో సగానికి పైనే అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలప్పుడు పడుతుంది. బంగాళాఖాతం మీద తేమ ఎత్తుకున్న గాలి చదునైన వరిమళ్ళ మీదుగా వచ్చి వచ్చి వెలిగొండలకి తగులుకుంటుంది, అడ్డం వచ్చిన కొండ ఎక్కక తప్పదు, ఎక్కితే చల్లబడుతుంది, చల్లబడితే ఎత్తుకున్న తేమంతా దించేస్తుంది. అందుకే మేం నవంబరు ఆఖర్లో, వాన తెరిపిచ్చిన నాలుగు రోజులకి బయల్దేరాం. మేం అంటే నేనూ, మా బావమరిదీ, ఎనిమిదో తరగతి చదివే వాడి కొడుకూ.

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. గుడి దాటి వెనక్కి పోతే వాగు. ఆ వాగునే పట్టుకుని బండ మీంచి బండ మీదికి ఎక్కుకుంటూ పోవడమే. మోకాళ్ళు బాగున్నవాళ్ళకి మరీ కష్టం కాదు, మా బావమరిదిలా ఆఫీసు కుర్చీకి అలవాటైనవాళ్ళు మాత్రం పది నిమిషాలకోసారి నీళ్ళ సీసా వంకతో కూర్చుంటారు. ఇదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం, ఎర్రచందనం పెరిగే అడవి. అటవీశాఖ వాళ్ళు ఆ రోజు వద్దంటే వద్దంతే, వాదించి లాభం లేదు.

సగం దారిలో మా అల్లుడు అడిగాడు: "మామా, కొండంతా ఏటవాలుగానే ఉంది కదా, నీళ్ళు జారుకుంటూ రావచ్చుగా, ఒక్కచోటే ఎందుకు దూకుతాయి?"

నేను వెంటనే చెప్పలేకపోయాను, ఎగశ్వాస ఒక కారణం. కానీ ప్రశ్న గట్టిది. వాగు స్వభావమే చదును చేసుకోవడం. దారిలో మెట్టు తగిలితే దాన్ని అరగదీసి వాలుగా మార్చుకుంటుంది. అలాంటిది ఒకచోట మెట్టు ఇంకా మెట్టుగానే నిలబడి ఉందంటే, మామూలుగా అక్కడ నీళ్ళకి లొంగని రాయి ఒకటి, దాన్ని ఆనుకుని తేలిగ్గా లొంగే రాయి ఇంకొకటి ఉండాలి. వెలిగొండల్లో ఈ రెండూ పొరలు పొరలుగా ఉన్నాయి, పైగా రెండూ మనకి చిన్నప్పటి నుంచి తెలిసినవే.

మెత్తది పలక. మార్కాపురం నుంచి ఒకప్పుడు దేశమంతా బళ్ళకి వెళ్ళిన పలక రాయి, ఈ కొండల్లో కనపడే పలక రాయి ఒకే కుటుంబం. 1872లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాన సర్వే అధికారి కడప, కర్నూలు ప్రాంతపు రాళ్ళ మీద తన పరిశీలనలు ప్రచురించినప్పుడు ఈ పలక పొరలకి కంభం పేరు పెట్టాడు, ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. పలక మొదట్లో సముద్రం అడుగున, కదలిక లేని నీళ్ళలో మెల్లగా దిగిన బురద. మీద పడ్డ బరువుకీ వేడికీ బిగుసుకుని రాయైంది, తర్వాత పక్క నుంచి వచ్చిన నొక్కుడుకి పల్చటి రేకులుగా విడిపోయే గుణం దానికి వచ్చింది, ఆ గుణం వల్లే మన చేతికి పలకై వచ్చింది.

గట్టిది ఇసుక. అదే సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసుక. ఇసుక రేణువుల మధ్య సందుల్లో సిలికా దిగి, ఒత్తిడికి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి క్వార్ట్‌జైట్ అయింది. మామూలు ఇసుకరాయిని సుత్తితో కొడితే రేణువుల చుట్టూ పగులుతుంది, దీన్ని కొడితే రేణువుల్ని చీల్చుకుంటూ పగులుతుంది. బండి తాళంతో గట్టిగా గీసి చూశాం. రాయికి గీత పడలేదు, తాళం ఇనుమే అరిగి రాయి మీద నల్లటి చార పడింది. మా బావమరిది తాళం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, ఆ ప్రయోగం అంతటితో సరి.

ఈ రాళ్ళ వయసు 150 కోట్ల ఏళ్ళకి పైమాటే. అంతంత అంకెలు చెప్తే బుర్రకి ఎక్కవు, కాబట్టి మేం చూసినదే చెప్తాను. వాగు పక్కన పడి ఉన్న ఒక బల్లపరుపు బండ మీద వరసగా చిన్న చిన్న గట్లు, వేలితో తడిమితే తెలుస్తాయి. మైపాడు బీచ్‌లో అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద కనపడే గీతలు ఉంటాయే, అచ్చం అవే. గట్టుకి రెండు వైపులా వాలు సమానంగా ఉంటే అలలు ముందుకీ వెనక్కీ ఊగిన చోటు, ఒక వైపు నిటారుగా ఇంకో వైపు ఏటవాలుగా ఉంటే నీళ్ళు ఒకే దిక్కుకి పారిన చోటు. మాది మొదటి రకమే అనిపించింది. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు, ఆ ఒడ్డున గవ్వ అనేదే ఉండదు, రోజుకి 24 గంటలు కూడా లేవు, భూమి ఇంకా వేగంగా తిరిగేది. అల మాత్రం మైపాడు అలలాగే ఉంది. నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను, వీళ్ళిద్దరూ ముందుకెళ్ళిపోయారు.

మరి ఒడ్డున ఉండాల్సిన ఇసుక కొండెక్కి ఎందుకు కూర్చుంది? పరిచిన చాపని ఒక పక్క నుంచి నెడితే మడతలు పడ్డట్టు, ఈ పొరలన్నీ తూర్పు నుంచి వచ్చిన తోపుకి ముడుచుకుపోయాయి. మన నెల్లూరు వైపున్న, గూడూరు, సైదాపురం అభ్రకం గనులున్న రాళ్ళు పడమటికి జరిగి వీటి మీదికి ఎక్కాయి. స్వామీ చెంచులక్ష్మీ పెనవేసుకుని శిలగా వెలిశారు కాబట్టి పెనుశిల, అదే పెంచల అయిందని స్థలపురాణం. రాళ్ళు పెనవేసుకోవడం అయితే మాకూ కనపడింది.

ఇప్పుడు అల్లుడి ప్రశ్నకి వద్దాం. వాగు గట్టి పొర మీద పారుతూ వచ్చి దాని అంచు దాటగానే మెత్తటి పొర తగులుతుంది. మెత్తది ముందు అరుగుతుంది, మెట్టు పుడుతుంది. మెట్టు పుట్టాక నీళ్ళు దూకడం మొదలుపెడతాయి, దూకిన చోట గుంట పడుతుంది, గుంటలో సుడి తిరిగే నీళ్ళు వెనక ఉన్న మెత్తటి పొరని తొలుచుకుంటూ పోతాయి. పైన గట్టి బండ చూరులాగా ముందుకి వేలాడుతుంది. ఒకరోజు దాని బరువు అదే మొయ్యలేక విరిగి పడుతుంది. అప్పుడు జలపాతం ఒక్క అడుగు వెనక్కి జరుగుతుంది. మళ్ళీ తొలవడం, మళ్ళీ విరగడం. అంటే జలపాతం నడుస్తుంది, అదీ వెనక్కి. నయాగరా ఇలాగే సుమారు 12 వేల ఏళ్ళలో దాదాపు 11 కిలోమీటర్లు వెనక్కి నడిచింది. అక్కడ గట్టి పొర డోలమైట్, మన క్వార్ట్‌జైట్ ముందు అది మైసూర్‌పాక్ కింద లెక్క, కాబట్టి మనది ఇంకా చాలా నింపాదిగా నడుస్తుంది. నడిచిన మేరా వెనకాల మిగిలే లోతైన సందే కోన. మేం చెమటలు కక్కుతూ ఎక్కిన దారిలో కొంతైనా ఒకప్పుడు జలపాతం నిలబడిన చోటే.

తెలుగులో వీటన్నిటికీ మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి, మనం పట్టించుకోం గానీ. నీళ్ళు దూకి తొలిచిన మడుగు గుండం. బండలో నిలిచిన నీటి గుంట దొన. కొన్ని దొనలు ఎంత నున్నగా, గుండ్రంగా ఉంటాయంటే ఎవరో ఉలితో చెక్కారనుకుంటాం. ఎవరూ చెక్కలేదు. పల్లంలో ఒక గట్టి రాయి చిక్కుకుని, నీటి సుడికి రుబ్బురోట్లో పొత్రంలా తిరిగి తిరిగి రోలు తయారుచేసింది. రోలుతో పాటు పొత్రమూ అరిగిపోతుంది, దాని చోట్లోకి ఇంకో రాయి వచ్చి పడుతుంది.

గుండం దగ్గర మా బావమరిది నీళ్ళలోకి చూసి "నడుం లోతే" అని తేల్చేశాడు. నీళ్ళలోంచి బయటికొచ్చే వెలుగు వంగుతుంది కాబట్టి నిటారుగా చూసినా అసలు లోతులో నాలుగో వంతు మనకి కనపడదు. ఆరడుగులు నాలుగున్నరలా కనపడతాయి. పక్క నుంచి చూస్తే ఇంకా తక్కువ. నేను ఈ లెక్క చెప్తుండగానే వాడు పాచి పట్టిన బండ మీద కాలు పెట్టి జర్రున జారాడు, పిరుదుల మీద కూర్చున్నాడు, లోతు సంగతి వాయిదా పడింది. ఆ పాచి అంటే బాక్టీరియా, నాచు కలిసి రాయి మీద అంటించుకునే జిగురు పొర. బూటు ఎంత ఖరీదైనదైనా దాని ముందు ఒకటే.

నీళ్ళు చల్లగా తగిలాయి గానీ, పడే నీళ్ళు నిజానికి కాస్త వేడెక్కాలి. పడేటప్పటి వేగం కింద వేడిగా మారుతుంది. జూల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1847లో కొత్త పెళ్ళాంతో ఆల్ప్స్ కొండలకి పోయి, చేతిలో థర్మామీటరుతో జలపాతం కోసం వెతుకుతూ కనపడ్డాడని కెల్విన్ అనే ఇంకో శాస్త్రవేత్త చెప్పిన కథ ఉంది. 427 మీటర్లు పడితే ఒక డిగ్రీ. తాటిచెట్టంత ఎత్తుకి డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా రాదు, ఈలోగా తుంపర ఆవిరవుతూ అంతకంటే ఎక్కువ వేడినే లాగేస్తుంది.

గంటసేపు ఉన్నామేమో, కింది నుంచి వచ్చిన ఒక పెద్దాయన పడమర వైపు చూపించి అన్నాడు: "పైన మబ్బు పట్టింది సార్, ఇంక నీళ్ళలో దిగబాకండి."

మా నెత్తి మీద ఎండే ఉంది. అయినా దిగొచ్చేశాం. కోన గరాటు లాంటిది, మట్టి పలచన, కింద రాయి, పైన ఎక్కడో కురిసిన వాన ఇంకకుండా జారి ఈ ఇరుకులోకే రావాలి. నీళ్ళ వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు రెండింతలు కాదు, 64 రెట్లు అవుతుంది. మేం కూర్చుని పులిహోర తిన్న బండలు అక్కడికి వచ్చింది అలాంటి రోజుల్లోనే. తేటనీళ్ళు ఉన్నట్టుండి మట్టి రంగుకి తిరిగినా, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఫొటో ఆపేసి వాగు వదిలి గట్టెక్కాలి.

దిగేటప్పుడు అల్లుడు వాగులో ఒక పలక ముక్కా, ఒక గులకరాయీ ఏరాడు. గులకరాయితో పలక మీద పేరు రాశాడు, తెల్లగా పడింది. తర్వాత పలకతో గులకరాయి మీద గీశాడు. పలక అంచు పొడిపొడిగా రాలింది, రాయి మీద ఏమీ పడలేదు. రెండూ అక్కడే నీళ్ళలో వదిలేసి, రాపూరులో టీ ఇప్పిస్తావా మామా అన్నాడు.