బాణం తిన్నగా వెళ్లదు

"వేగంగా వదిలితే బాణం తిన్నగానే వెళ్లాలి కదా, మరి ఒలింపిక్స్‌లో ఆర్చర్లు పైకి ఎత్తి ఎందుకు వేస్తారు?" అని ఒక పాఠకురాలు అడిగారు. కొంతదూరం తిన్నగా పోయి, ఊపు తగ్గాక వంగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నారి విడిచిన క్షణం నుంచే బాణం పడుతూ ఉంటుంది.

టార్గెట్ 70 మీటర్ల దూరంలో ఉంది. ఒలింపిక్స్‌లో వాడే, కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లు నుంచి బాణం సెకనుకు 60 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకుందాం. గాలి అడ్డు లేకపోతే 1.17 సెకన్లలో చేరుతుంది. ఆ కాస్త సేపట్లో చేతిలోంచి జారిన రాయి ఎంత పడుతుందో, ఎక్కుపెట్టిన గీత నుంచి బాణమూ అంతే పడుతుంది: 6.7 మీటర్లు! అందుకే దాదాపు 5.5 డిగ్రీలు ఎత్తి వేయాలి.

"గాలి నిరోధాన్ని విస్మరించండి" అంటూ పాఠ్యపుస్తకాలు దాటేస్తాయి. నాకది ఎప్పుడూ బాధే, అసలు రుచి అక్కడే ఉంది మరి. 20 గ్రాముల బరువు, 5.5 మిల్లీమీటర్ల మందం ఉన్న బాణాన్ని ఆ వేగంలో గాలి వెనక్కి లాగే బలం సుమారు 0.1 న్యూటన్. అంటే బాణం బరువులో సగం! టార్గెట్ చేరేసరికి వేగం 54కి దిగుతుంది, పతనం 7.1 మీటర్లకు పెరుగుతుంది. గాలి లేదనుకుని సైట్ (విల్లుకు బిగించే గురి సాధనం) సెట్ చేస్తే, పసుపు మధ్యలో గుచ్చుకోవాల్సింది నల్ల వలయంలో దిగుతుంది.

పైగా ఈ నిరోధం ఒక్క తీరున ఉండదు. బాణాన్ని అంటుకుని సాగే పలచని గాలి పొర నున్నగా జారితే నిరోధ గుణకం (గాలి ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) సుమారు 1.5. అదే పొర సుడులు తిరిగితే 2.6 దాకా పోతుందని విండ్ టనెల్ కొలతలు చెబుతున్నాయి. గోల్ఫ్ బంతికి ఆ సుడులే మేలు చేస్తాయి, దాని వెనక కల్లోలం ఇరుకై నిరోధం తగ్గుతుంది. సన్నగా పొడుగ్గా ఉండే బాణానికి ఒంటిని రాసుకుపోయే గాలితోనే ఎక్కువ నష్టం, కాబట్టి సుడులు చేటే. విడిచేటప్పుడు బాణం ఎక్కువగా అల్లాడితే పొర చెదురుతుంది. ఈ రెండు స్థితుల మధ్య 70 మీటర్ల దగ్గర తేడా పాతిక సెంటీమీటర్ల పైమాటే.

ఇక వేగం. బాణం ఎంత పడుతుందన్నది దాని వేగపు వర్గానికి విలోమంగా మారుతుంది. 60 బదులు 61తో వెళ్తే బాణం 23 సెంటీమీటర్లు పైన తగులుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే! నడిమధ్యకు గురిపెట్టినా, వేగంలో 0.3 మీటర్ల తేడా వస్తే పది చేజారినట్టే. అదే కప్పీలుండే కాంపౌండ్ విల్లు నుంచి 90 మీటర్ల వేగంతో పోయే బాణానికి ఒక మీటరు తేడా వచ్చినా అదే దూరంలో పడే తప్పు 7 సెంటీమీటర్లే. వేగం వల్ల అసలు లాభం ఇది. దారి తిన్నగా అయిపోదు గానీ, చిన్న పొరపాట్లు చిన్నవిగానే ఉండిపోతాయి.

రికర్వ్‌లో ఆ వెసులుబాటు లేదు. 20 కిలోల బలంతో లాగే విల్లును 2 మిల్లీమీటర్లు ఎక్కువ లాగితే చాలు, బాణం 5, 6 సెంటీమీటర్లు పైకి పోతుంది. అందుకే విల్లుకు క్లిక్కర్ అనే సన్నటి పట్టీ బిగిస్తారు. నారిని సరిగ్గా కావలసినంత లాగాక, బాణం మొన ఆ పట్టీ కిందనుంచి జారగానే పట్టీ టక్కుమంటుంది. ఆ చప్పుడు వినగానే ఆర్చర్ నారి వదులుతారు.