గ్యాస్ పంపు విప్పడం మీద మనోళ్ళ అపోహలు - అసలు సంగతులు

పైడిభీమవరం గానీ బొబ్బిలి గ్రోత్ సెంటర్ గానీ, ఈ ఫ్యాక్టరీల చోట్ల షట్‌డౌన్ పనులకి (ప్లాంటు ఆపి చేసే రిపేర్లకి) వచ్చే కుర్రాళ్ళు ఎక్కువమంది ఐటీఐ ఫిట్టర్ చేసినోళ్ళే. చెయ్యి బాగానే తిరిగి ఉంటాది, నీళ్ళ పంపు ఇస్తే చకచకా విప్పేసి బేరింగ్ మార్చేస్తారు. అదే ఊపుతో ఎల్‌పీజీ పంపు మీదకి వెళ్తారు, అక్కడే వస్తాది తంటా. నీళ్ళ పంపులో మిగిలిన నీళ్ళు పడితే బట్టలు తడుస్తాయి అంతే. గ్యాస్ పంపులో లోపల మిగిలిందాన్ని ఖాళీ చేసి, మళ్ళీ రాకుండా కట్టడి చెయ్యడమే సగం పైన పని, స్పానర్ తర్వాత సంగతి. మా దగ్గర రోజూ వినపడే మాటలు కొన్ని రాస్తన్నాను.

అపోహ: "గేజీ జీరో చూపిస్తంది గురూ, విప్పేద్దాం"

దీని గురించే ఎక్కువ చెప్పాలి. గేజీ కింద సన్న గొట్టం మూసుకుపోయినా జీరోయే చూపిస్తాది, ముల్లు ఇరుక్కున్నా జీరోయే. పైగా 25 కేజీల (చదరపు సెంటీమీటరుకి కేజీలు అని లెక్క) గేజీలో అర కేజీ ప్రెషర్ అంటే ముల్లు కదిలిందో లేదో కూడా కంటికి తెలీదు. అర కేజీయే కదా అంటారు, 8 అంగుళాల కవరు తీసుకోండి, వైశాల్యం సుమారు 324 చదరపు సెంటీమీటర్లు, అంటే ఆ అర కేజీయే సుమారు 162 కేజీల బరువుతో కవరుని బయటకి తోస్తంటాది. చివరి నట్టు ఊడేసరికి మొహం అక్కడుంటే ఏటవుద్దో చెప్పక్కర్లేదు.

ఇంకోటుంది, ఇది చాలామందికి తెలీదు. ఎల్‌పీజీ ద్రవం ఆవిరయ్యేటప్పుడు తనే చల్లబడిపోతాది. ప్రొపేన్ మరిగేది మైనస్ 42 డిగ్రీల దగ్గర, బ్యూటేన్ సున్నాకి కొంచెం కిందన. వెంట్ తెరిచి గ్యాస్ వదిలినప్పుడు కేసింగ్ (పంపు బయటి డొప్ప) అడుగున మిగిలిన ద్రవం బాగా చల్లబడి, ఇంక ఆవిరవ్వడం మానేస్తాది, గేజీ జీరోకి వస్తాది, మనోడు అయిపోయిందనుకుని వెంట్ కట్టేసి టీకి వెళ్తాడు. వచ్చేసరికి ఎండకి కేసింగ్ వేడెక్కి ప్రెషర్ మళ్ళీ లేచి కూర్చుంటాది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతాది మరి. కేసింగ్ మీద మంచు పట్టి ఉందంటే లోపల ఇంకా సరుకు ఉందని లెక్క. అడుగు డ్రైన్ కూడా ఫ్లేరుకో (మిగులు గ్యాసుని కాల్చేసే గొట్టం) సేఫ్ వెంటుకో కలిపి, మంచు కరిగి కేసింగ్ బయటి వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మళ్ళీ చూడాలి. డ్రైన్‌లోంచి ఏమీ రాకపోతే సంతోషపడిపోకండి, అది చెత్తతో మూసుకుపోయి కూడా ఉండొచ్చు.

అపోహ: "రెండు పక్కలా వాల్వులు కట్టేశాం కదా"

వాల్వు సీటు అరిగితే హ్యాండిల్ ఎంత బిగించినా లోపల సన్నగా కారతానే ఉంటాది. ఇంక నాన్ రిటర్న్ వాల్వుని నమ్ముకుని పని చేసేవోళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోద్ది, అది ఎదురు ప్రవాహం తగ్గించడానికి పెట్టింది, మన ప్రాణం కాయడానికి కాదు. వాల్వుల మధ్య ప్రెషర్ తీసేశాక ఫ్లేంజుల (పైపు చివర బోల్టులేసి బిగించే చక్రాలు) మధ్య బ్లైండ్ ప్లేటు (దారి పూర్తిగా మూసే గట్టి పలక) వెయ్యాలి. బ్లైండ్ వెయ్యడానికీ ఫ్లేంజు విప్పాలి కాబట్టి ఆ పనికే ముందు జాగ్రత్త కావాలి, అది మర్చిపోతారు. అలాగని ద్రవం నిండుగా ఉన్న పైపుని రెండు పక్కలా కట్టేసి ఎండలో వదిలేసినా ప్రమాదమే, ద్రవం వ్యాకోచించి గ్యాస్కెట్ తన్నేస్తాది, అందుకే అక్కడ చిన్న రిలీఫ్ వాల్వు పెడతారు.

అపోహ: "స్విచ్ ఆపి డేంజర్ బోర్డు తగిలించాం, చాలు"

బోర్డు గాలికి పడిపోతాది, లేదంటే షిఫ్ట్ మారినోడు తీసి పక్కన పెడతాడు. ఎంసీసీలో (మోటార్లకి కరెంటు ఇచ్చే ప్యానెల్) బ్రేకర్ తీసి ఎవడి తాళం వాడు వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి, తర్వాత పంపు దగ్గరకొచ్చి స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. స్టాండ్‌బై పంపులకి ఆటో స్టార్ట్ ఉంటాది, అవి ఎవుల్నీ అడిగి తిరగవు.

1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫారం తగలబడి 167 మంది పోయారు. ఒక కండెన్సేట్ (గ్యాసులోంచి దిగే తేలిక ద్రవం) పంపు సేఫ్టీ వాల్వుని సర్వీసుకి తీసి, ఆ చోట బ్లైండ్ ఫ్లేంజు సరిగ్గా బిగించకుండా వదిలేశారు. రాత్రి షిఫ్టులో ఇంకో పంపు ట్రిప్పయితే, వాల్వు లేదన్న సంగతి చేరక ఈ పంపు స్టార్ట్ చేశారు, ఆ ఫ్లేంజులోంచి కారింది అంటుకుంది. షిఫ్ట్ మారేటప్పుడు పర్మిట్ (పని అనుమతి) కాగితం చేతికిచ్చి నోటితో కూడా చెప్పమని నేను సతాయించేది దీనికే, కుర్రాళ్ళకి విసుగే, తప్పదు.

అపోహ: "నైట్రోజన్ కొట్టి గ్యాసు తరిమేశాం, మీటర్ జీరో చూపించింది"

మామూలు ఎల్‌ఈఎల్ మీటర్లు (మండే గ్యాసు ఎంతుందో చూపేవి) చాలామట్టుకు లోపల గ్యాసుని కొద్దిగా మండించి కొలుస్తాయి, మండడానికి ఆక్సిజన్ కావాలి కదా. నైట్రోజన్ నిండిన కేసింగ్‌లోకి ఆ గొట్టం పెడితే గ్యాసు ఉన్నా జీరో అంటాది. పక్కనే ఆక్సిజన్ రీడింగ్ చూడండి, 20.9 శాతం దగ్గర లేకపోతే ఆ జీరోకి విలువ లేదు. గుంటలో, షెడ్డులో నైట్రోజన్ వదిలితే మనిషి ఊపిరికే ముప్పు, దానికి వాసనుండదు, దగ్గు కూడా రాదు, నిలబడ్డోడు నిలబడ్డట్టే కూలిపోతాడు.

వాసన మాట కూడా ఇక్కడే. ఎల్‌పీజీ వాసన కలిపిన మందుది, ప్రాసెస్ గ్యాసుల్లో అది కలపకపోవచ్చు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కాలవల్లోకీ గుంటల్లోకీ జారిపోతాది, మీటర్ ఛాతీ ఎత్తులో పట్టుకుని తిరిగితే లాభం లేదు, కిందన చూడాలి.

అపోహ: "ఇత్తడి స్పానర్లున్నాయి, భయమేటి"

నిప్పురవ్వలు తగ్గుతాయి, అంతవరకే. జేబులో ఫోను, ఒంటి మీద పాలిస్టర్ చొక్కా వాటి పని అవి చేస్తాయి.

బోల్టు విప్పే పద్ధతి ఒకటి చెప్పాలి. మీకు దూరంగా ఉన్న పక్క ముందు లూజ్ చెయ్యండి, లోపల ఏదైనా మిగిలుంటే అటే పోతాది. ఏ నట్టూ పూర్తిగా తీసెయ్యకుండా, నాలుగు మరలు వదిలి, జాయింటు కొంచెం తెరిచి ఆగి వినండి. సుయ్‌మంటే అక్కడే వదిలేసి వెనక్కి వచ్చేయండి.

బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ "బాగానే ఉంది బాబూ" అని మళ్ళీ వెయ్యొద్దు. వేసిన బ్లైండ్లన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, నైట్రోజన్‌తో లోపలి గాలి తరిమేసి, ఆ ప్రెషర్ మీదే సబ్బునీళ్ళతో ప్రతి జాయింటూ చూసి, అప్పుడు గ్యాసు వదలండి. సీల్ ప్లాన్ పైపుల (పంపు సీలుకి ద్రవం తెచ్చే సన్న పైపులు) చిన్న జాయింట్లు కూడా చూడండి, బుడగలు ఎక్కువగా అక్కడే వస్తాయి.