కాశీ దాకా కారులో పోవాలంటే పక్కన ఎవరుండాలి? అపోహలు - వాస్తవాలు

మాది కావలి. పదకొండేళ్ళు లారీ మీద తిరిగాను. గూడూరు మార్కెట్లో నిమ్మకాయల లోడు ఎత్తుకుంటే మళ్ళీ ఢిల్లీలోనే దించేది, కాయ చెడిపోకముందే చేరాలి కాబట్టి ఎప్పుడూ ఇద్దరు డ్రైవర్లం ఉండేవాళ్ళం. ఇప్పుడు సొంతంగా రెండు కార్లు, ఒక టెంపో ట్రావెలర్ పెట్టుకుని కాశీ, గయ, షిర్డీ ట్రిప్పులు తిప్పుతున్నాను.

ఈ మధ్య సొంత కారేసుకుని దూరం పోయేవాళ్ళు మన వైపు బాగా పెరిగారు. బయల్దేరే ముందు చాలామంది నా దగ్గరికి వస్తారు. టైర్లు మార్చాలా, నార్కట్‌పల్లి మీదుగా పోవాలా, విజయవాడ మీదుగానా, రాత్రి ఎక్కడ ఆగాలి, అన్నీ అడుగుతారు. పక్కన ఎవరొస్తున్నారు అని నేనడిగితే మాత్రం "ఎవరో ఒకరు దొరుకుతార్లే అన్నా" అంటారు. నాకు అక్కడే భయమేస్తుంది. టైరు పేలితే స్టెప్నీ ఉంటుంది. తోడు సరిగ్గా లేకపోతే నాగపూర్ దాటాక మార్చుకోవడానికి ఏముంటుంది?

అపోహ: ప్రాణ స్నేహితుడైతే చాలు, ఇంకేం చూడక్కర్లేదు.

వాస్తవం: సాయంత్రం టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చునే స్నేహం వేరు, రోజుకు పన్నెండు గంటల చొప్పున నాలుగు రోజులు ఒకే కారులో ఉండటం వేరు. మా ఊళ్ళోనే డిగ్రీ కలిసి చదివిన ఇద్దరు కాశీకని బయల్దేరారు, వాళ్ళ మధ్య ఏనాడూ మాట తేడా రాలేదు. రెండో రోజు రాత్రి నాకు ఫోన్. ఒకాయన నాగపూర్‌లో దిగిపోయి జీటీ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి నెల్లూరు వచ్చేస్తున్నాడు, ఇంకొకాయన అక్కడ కారుతో ఒంటరిగా ఉన్నాడు, నా డ్రైవర్‌ని రైల్లో పంపగలనా అని అడుగుతున్నాడు. గొడవ దేనికయ్యా అంటే, ఒకాయనకి గదిలో పడుకుంటేగానీ నిద్ర పట్టదు, ఇంకొకాయన పెట్రోల్ బంకులో కారు ఆపుకుని సీటు వాల్చుకుంటే చాలదా డబ్బులెందుకు దండగ అంటాడు. ఇద్దరిదీ తప్పు లేదు. ఆ మాట కావలిలో అనుకోవాల్సింది, నాగపూర్‌లో అనుకున్నారు.

అందుకని నేను మనిషి మంచివాడా కాదా అని అడగను. పొద్దున ఎన్నింటికి లేస్తాడు, ఆకలేస్తే ఎంతసేపు ఓర్చుకుంటాడు, ఏసీ కావాలా అద్దం దించాలా, సిగరెట్ ఉందా, గుడి కనపడిన చోటల్లా ఆగాలంటాడా, ఇవే అడుగుతాను. చిన్న విషయాలే. మూడో రోజుకి అవే పెద్దవవుతాయి.

అపోహ: బండి బాగా నడిపేవాడే మంచి తోడు. ఇద్దరు డ్రైవర్లుంటే ఆగకుండా పోవచ్చు.

వాస్తవం: దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను ఇవాళ బతికి ఉండి ఇది రాస్తున్నానంటే ఒక తోడు వల్లే.

నాతో లోడుకి వచ్చే పెద్దాయన ఒకరుండేవారు, పొదలకూరు వైపు మనిషి, అందరం పెద్దన్న అనేవాళ్ళం. ఆయన నాకన్నా నిదానంగా నడుపుతాడు, ఘాట్ రోడ్డు మీద నేనే మేలు. ఒకసారి మధ్యప్రదేశ్‌లో సాగర్ అనే ఊరు దాటి లలిత్‌పూర్ వైపు పోతున్నాం, తెల్లవారుజాము మూడున్నర అయుంటుంది, స్టీరింగ్ నా చేతిలో ఉంది. రోడ్డు ఖాళీ, బండి చక్కగా పోతోంది. పక్కన పడుకుని ఉన్నాడనుకున్న పెద్దన్న లేచి కూర్చుని, "ఏరా, ఇందాకట్నించి వక్కపొడి నమలటం ఆపేశావే" అన్నాడు. ఏం లేదన్నా, బాగానే ఉన్నా అన్నాను. ఆయన వాదించలేదు. "సరే, ఇప్పుడు దాటిన పచ్చబోర్డు మీద ఏ ఊరు రాసుందో చెప్పు" అన్నాడు. నాకు గుర్తు రాలేదు. ఊరు పేరు కాదు, అసలు బోర్డు దాటినట్టే గుర్తు లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చేతులు తిప్పుతూనే ఉన్నాయి, నోట్లో వక్కపొడి అట్టాగే బుగ్గన ఉండిపోయింది. అప్పటికి ఎన్ని కిలోమీటర్లు అట్టా నడిపానో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ముందు కనపడిన ధాబాలో ఆపించి, తాళంచెవి తన జేబులో వేసుకుని, నన్ను నులకమంచం మీద పడుకోబెట్టాడు. అరగంట పడుకున్నాను. లోడు అరగంట ఆలస్యమైంది, అంతే.

తోడు చేయాల్సిన పని అది. నడపటం తర్వాత. నిద్రొస్తున్నవాడికి తనకి నిద్రొస్తున్నట్టు తెలియదు, పక్కనున్నవాడికే తెలుస్తుంది. మాట తగ్గిపోతుంది, పాట మారినా పట్టించుకోడు, మాటిమాటికీ మెడ రుద్దుకుంటాడు, గేరు ఆలస్యంగా మారుస్తాడు, లైను మీద టైరు ఎక్కితే ఉలిక్కిపడి లాగుతాడు. ఇవి చూసి నోరు తెరిచి చెప్పేవాడు కావాలి, చెబితే రోషం తెచ్చుకోకుండా ఆపేవాడు కావాలి. ఈ రెండు గుణాలూ లేనివాడు ఎంత గొప్ప డ్రైవరైనా నేను నా కార్లో ఎక్కించుకోను.

ఇద్దరున్నారు కదా అని రాత్రంతా లాగేయటం గురించి. రాత్రి రెండు నుంచి ఐదు, ఆరు గంటల మధ్య ఒళ్ళు నిద్ర అడుగుతుంది, అది అలవాటుతో పోయేది కాదు. మధ్యాహ్నం భోజనం చేశాక మళ్ళీ ఒకసారి వస్తుంది. మన ఎన్‌హెచ్-16 మీద తెల్లవారుజామున పోలీసులు లారీలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతుంటారు, వాళ్ళు ఆ వేళకే నిలబడేది ఇందుకే. పోయే బండిలో వెనక సీట్లో పడుకున్న నిద్ర సగం నిద్ర కిందే లెక్క, కాబట్టి ఇద్దరూ రెండో రాత్రికి ఒకేసారి అలిసిపోతారు. అద్దం దించటం, పాట గట్టిగా పెట్టటం, ఇవి నిద్రని ఆపవు. కాఫీ తాగితే అది పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, అందుకని తాగి ఆ అరగంటే కునుకు తీసి లేవాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే డ్రైవర్‌కి రోజుకు 8 గంటల పని, 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి అని రాశారు. జీతానికి నడిపేవాడికి రాసింది అది. సరదాగా పోతున్న మీరు అంతకన్నా ఎక్కువ ఎందుకు నడపాలి? మాకు రెండు గంటలకో మార్పు, రాత్రి పదికల్లా గది. నా ట్రిప్పులకి ఇదే రూలు.

ఇంకోటి. పక్క సీటు పూర్తిగా వాల్చుకుని పడుకోకండి. సీటు వాలితే బెల్టు ఒంటికి ఆనదు, బ్రేకు పడితే మనిషి బెల్టు కింద నుంచి జారిపోతాడు. వెనక పడుకునేవాళ్ళకి కూడా బెల్టు ఉండాల్సిందే.

అపోహ: నడపటం వచ్చు కదా, లైసెన్సుదేముంది.

వాస్తవం: లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇస్తే నడిపినవాడికి 5,000, ఇచ్చిన ఓనరుకి వేరుగా 5,000 జరిమానా ఉంది. అది పోతే పోయింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మీ కారు నష్టం మేం ఇవ్వం అంటారు, అది పెద్ద దెబ్బ. లైసెన్సు ఉన్నా గడువు చూడండి, మొహమాటపడకండి, పరివాహన్ సైట్లో నంబరు, పుట్టినతేదీ కొడితే నిమిషంలో తేలిపోతుంది. పాలసీలో ఓనర్‌కి ఉండే 15 లక్షల ప్రమాద బీమా ఓనర్‌కి మాత్రమే, మీ బదులు నడిపే స్నేహితుడికి రాదు. కూర్చున్నవాళ్ళకి విడిగా కలుపుకోవచ్చు, బయల్దేరే ముందు ఏజెంట్‌ని అడిగి కలిపించుకోండి. తెల్లబోర్డు కారులో డబ్బులు తీసుకుని ఎవరినైనా ఎక్కించుకుంటే అది కిరాయి అవుతుంది, ప్రైవేటు పాలసీ దానికి వర్తించదు. డీజిలు పంచుకోవటం వేరు, సీటుకింత అని వసూలు చేయటం వేరు.

అపోహ: డబ్బు సంగతి ముందే మాట్లాడితే బాగుండదు.

వాస్తవం: మాట్లాడకపోతేనే బాగుండదు. తలా ఇంత అని ఒక ఉమ్మడి పర్సులో వేసి ఒకళ్ళ చేతికివ్వండి. డీజిలు, టోలు, గది, భోజనం అందులోంచి. పంక్చరు, టైరు, సర్వీసు కారు ఓనరువి. స్పీడు కెమెరా చలానా మాత్రం తిరిగొచ్చిన నెలకి ఓనరు ఫోనుకి వస్తుంది, అప్పుడు ఎవరు నడిపారో గుర్తు తెచ్చుకుని అడగటం ఇద్దరికీ ఇబ్బంది. ఏ టైములో ఎవరు నడిపితే వాళ్ళదే అని ముందే అనుకుని, ఒక చిన్న పుస్తకంలో స్టీరింగ్ మారిన టైము రాసుకుంటే సరిపోతుంది. మేము లారీలో అట్టాగే రాసేవాళ్ళం.

అపోహ: ఆడవాళ్ళు దూరం నడపలేరు, వాళ్ళు తోడు కింద లెక్కకి రారు.

వాస్తవం: కందుకూరు నుంచి ఒక టీచర్ల జంట రెండుసార్లు కాశీ, ప్రయాగ పోయొచ్చారు. మొదటిసారి సార్ ఒక్కరే నడిపారు, జబల్‌పూర్‌లో నడుం పట్టేసి రెండు రోజులు పడుకోవాల్సొచ్చింది. రెండోసారికి మేడమ్ గారు ఆరు నెలలు రోజూ స్కూలుకి తనే కారు తీసుకుపోయి అలవాటు చేసుకున్నారు, హైవే మీద పొద్దున ఆరు నుంచి పది దాకా ఆవిడే. అసలు సంగతేమిటంటే, ఆవిడకి అలుపొస్తే చెప్పేస్తారు. మా మగవాళ్ళలో చాలామంది ఆ మాట నోటితో అనలేక ఇంకో వంద కిలోమీటర్లు నడుపుతారు. మీ ఇంట్లో ఆవిడకి లైసెన్సు ఉంటే, స్నేహితుడి కోసం వెతికే ముందు ఒకసారి ఆవిడని అడగండి.

అపోహ: ముక్కూమొహం తెలియనివాళ్ళతో పోనే కూడదు. దీనికి తిరగేసి ఇంకో అపోహ: ఫోన్లో బాగా మాట్లాడాడు, సరిపోతుంది.

వాస్తవం: లడాఖ్‌కి పోవాలని ఉంటుంది, మన స్నేహితుల్లో ఎవరికీ సెలవు దొరకదు, ఆన్‌లైన్‌లో ఒకరు కలుస్తారు. తప్పేం కాదు, కానీ కనీసం రెండుసార్లు ఎదురుగా కలవండి, ఒకసారి వాళ్ళింటికి పోయి కాఫీ తాగి రండి, వాళ్ళనీ మీ ఇంటికి రమ్మనండి. పెద్దవాళ్ళ ముందు ఎట్టా కూర్చున్నాడు, ఇంట్లోవాళ్ళకి ఈ ప్రయాణం సంగతి చెప్పాడా లేదా అన్నది అక్కడ తెలిసిపోతుంది. ఇంట్లో చెప్పకుండా వస్తానన్నవాడిని వద్దనండి. ఆడపిల్లలైతే రోజూ లైవ్ లొకేషన్ ఇంటికి పంపే ఏర్పాటు లేకుండా కదలొద్దు.

అపోహ: రాత్రి గదిలో ఒక పెగ్గు వేసుకుంటే ఏమవుతుంది, ఎట్టాగూ నడపడు కదా.

వాస్తవం: కాశీ నుంచి గయకి పోయే దారిలో కర్మనాశ నది దాటితే బీహార్. అక్కడ 2016 ఏప్రిల్ నుంచి పూర్తి మద్య నిషేధం. డిక్కీలో మీ స్నేహితుడు దాచుకున్న ఒక్క సీసా దొరికినా బండి స్వాధీనం చేసుకునే అధికారం వాళ్ళకుంది. తండ్రికి పిండం పెట్టడానికి పోయినవాళ్ళు స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. సోమనాథ్, ద్వారక పోయేవాళ్ళకి గుజరాత్‌లోనూ నిషేధమే. బయల్దేరే రోజు సంచులు అందరి ముందూ సర్దించండి.

అపోహ: ఒంట్లో కాస్త బాగోకపోయినా పక్కన కూర్చోటమే కదా.

వాస్తవం: బీపీ, షుగర్, ఆయాసం ఉన్నాయా, ఏ మాత్ర వేసుకుంటున్నారు, తోడు దగ్గర దాచొద్దు. ఘాట్‌లో వాంతులు రాకుండా వేసుకునే అవోమిన్ మాత్ర, జలుబు మాత్రలు నిద్ర తెస్తాయి, వేసుకున్నవాళ్ళకి ఆ పూట స్టీరింగ్ ఇవ్వకూడదు. లడాఖ్‌లో లేహ్ 11,500 అడుగుల ఎత్తులో ఉంది, చేరాక రెండు రోజులు ఊరికే ఉండాలి. తలనొప్పి, వాంతులు ఎక్కువైతే కిందికి దించేయటమే మందు. "ఇంత దూరం వచ్చాం, ఖర్దుంగ్ లా కనుమ చూడకుండా ఎట్టా" అనే తోడు అక్కడ ప్రమాదం. ఒకళ్ళకి బాగోకపోతే అందరం వెనక్కి అనే ఒప్పందం ఇక్కడ మన ఊళ్ళోనే చేసుకోవాలి.

చివరిగా, నన్నడిగిన ప్రతివాళ్ళకీ ఒక పని చెప్తాను. అసలు ప్రయాణానికి నెల ముందు ఇద్దరూ కలిసి శ్రీశైలం పోయిరండి. కావలి నుంచి కందుకూరు, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా రమారమి రెండొందల కిలోమీటర్లు. దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రిపూట వేసేస్తారు, పొద్దున ఆరింటికి తీస్తారు, కాబట్టి మూడింటికల్లా ఇల్లు కదలాలి. రెండున్నరకి ఫోన్ చేస్తే ఎత్తుతాడా, చీకట్లో ఎదురు లైట్లకి ఎట్టా నడుపుతాడు, పొదిలి దాటాక నీకు కళ్ళు మూతపడితే చెప్పాడా, నువ్వు చెబితే ఆపాడా, గేటు దగ్గర అరగంట ఆగాల్సొస్తే విసుక్కున్నాడా, ఘాట్‌లో ముందు బస్సు ఉంటే హారన్ కొట్టాడా వెనక ఓపిగ్గా పోయాడా, డీజిలు డబ్బులు అడక్కుండానే తీశాడా, అన్నీ ఆ ఒక్కరోజులో తెలుస్తాయి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మార్కాపురం దాటాక కారులో ఎవరూ మాట్లాడకపోయినా మీకు ఇబ్బందిగా అనిపించకపోతే, కాశీకి తేదీ పెట్టుకోండి. రూట్ నేను రాసిస్తాను.