పాత గుడికి సిమెంట్ పూత: అపోహలు - వాస్తవాలు

"పండుగలోపు గోడలకి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించేస్తే చెమ్మ ఆగిపోతుంది కదండీ?" పాత చర్చిల మరమ్మతు పనికి ఏ విచారణకు (ఒక ఫాదర్‌గారి కింద ఉండే చర్చి ఊళ్లకి) వెళ్లినా ఫాదర్‌గారో, ఊరి పెద్దలో మొదట అడిగేది ఇదే. అందరిదీ మంచి ఉద్దేశమే. ఈ గుళ్లకి, అంటే చర్చిలకి, ఎక్కువ నష్టం జరుగుతున్నది కూడా ఈ నమ్మకంతోనే.

అపోహ: సిమెంట్ పూస్తే చెమ్మ ఆగి గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గుంటూరు, పల్నాడు వైపు వందేళ్లు దాటిన గుళ్లు ఇటుకో రాయో పెట్టి డంగు సున్నంతో (గానుగలో రుబ్బిన సున్నంతో) కట్టినవి. నేలలోని నీరు గోడలోకి ఎక్కుతుంది, సున్నం పూతలోంచి ఆవిరైపోతుంది. ఇన్నేళ్లూ ఆ గోడ నిలబడింది అలాగే. పైన సిమెంట్ వేశారా, ఆ దారి మూసుకుపోతుంది. మోకాలి ఎత్తున ఆగే చెమ్మ కిటికీ దాకా పాకుతుంది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని ఇటుకని పిండి చేస్తుంది. లోపల ప్లాస్టిక్ పెయింట్, కింద టైల్స్ కూడా వేస్తే చెమ్మకి గోడ తప్ప ఇంకో దారి ఉండదు.

పల్నాడులో ఒక గుడిలో పీఠం (ఫాదర్‌గారు పూజ చేసే బల్ల) పక్క గోడని వేలితో కొడితే డొల్ల మోత వచ్చింది. పెచ్చు తీసి చూస్తే సిమెంట్ రాయిలా ఉంది, వెనక ఇటుక గోరు తగిలితే ఎర్రటి పొడిగా రాలింది. "మా తాతలు మోసిన ఇటుకలండీ ఇవి" అన్నారు పక్కనున్న ఉపదేశిగారు (ఊళ్లో మతబోధ చేసే ఆయన). బయటికెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆవరణలో రోడ్డు మీద రోడ్డు వేసి నేలని గుడి అరుగుకన్నా ఎత్తు చేశారు. కప్పు మీద నీళ్లు దించే గొట్టం పగిలి నీరు నేరుగా పునాదిలోకి పోతోంది. ముందు బాగు చేయాల్సినవి ఈ రెండే.

అపోహ: గోడ పగిలింది, ఇక కూల్చి కొత్తది కట్టాల్సిందే.

వాస్తవం: కంగారు పడకండి. నల్లరేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దాంతోపాటే చాలా పగుళ్లు తెరుచుకుని మూసుకుంటాయి. పగులు మీద అడ్డంగా జిప్సం పట్టీ వేసి తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక వేసవి దాటినా పట్టీ చిట్లకపోతే అది పాత పగులే, పెరగడం లేదు. చిట్లితే, లేదా గోడ ఒరిగినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఇంజనీర్ని పిలవండి. పాత పగులు చూసి భయపడి గుడి కూల్చేసిన ఊళ్లున్నాయి, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గుడ్డు సొన కలిపారు కాబట్టే గోడలు నిలిచాయన్నది ఊరిమాట. సొన వాడింది ఎక్కువగా నున్నటి పైపూతకే. బలమంతా బాగా నానబెట్టి, గానుగలో రుబ్బిన సున్నానిది. పాత చర్చి అంటే బ్రిటిష్‌వాళ్లు కట్టిందే అన్న మాటా తప్పే. తెలుగు నేల మీద కతోలిక మిషన్లలో ఫ్రెంచి జెస్యూట్లు (యేసు సభ ఫాదర్లు), ఇటలీ ఫాదర్లు, 1866లో మొదలైన మిల్‌హిల్ అనే మిషనరీ సంఘం వాళ్లు పనిచేశారు. మెదక్ చర్చి కతోలికులదనుకోవడమూ తప్పే, అది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ సంఘం వాళ్లది. 1962-65 వాటికన్ మహాసభ (కతోలిక బిషప్పుల సభ) పాత పీఠాలు పగలగొట్టమందన్న ప్రచారం నమ్మొద్దు. ముందు కొత్త పీఠం పెట్టుకుని, వెనక పాతదాన్ని అలాగే ఉంచిన గుళ్లు ఎన్నో.

సిమెంట్ ఇప్పటికే వేసేసి ఉంటే మెషిన్‌తో కాదు, ఉలితో మెల్లగా తీయించండి. గోడ ఆరనివ్వండి. తర్వాత సున్నం పూత పలచగా, పొర మీద పొరగా వేసి, తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. దీనికి నెలలు పడుతుంది. అందుకే పండుగకి ముందు హడావుడిగా కాదు, పండుగ అయిన మర్నాడే పని మొదలుపెట్టండి.