పాత యుద్ధ సినిమాల్లో విమానాలన్నీ ఒరిజినలేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, ఆ పాత ఇంగ్లిష్ వార్ సినిమాల్లో అన్నీ ఒరిజినల్ విమానాలు. అందుకే అంత నిజంగా ఉంటాయి. మనకు ఒరిజినల్ దొరకదు కదా, కనీసం కంప్యూటర్ మోడల్ అయినా పక్కాగా చేద్దాం." గ్రాఫిక్స్ పని కోసం మా దగ్గరికి వచ్చే కుర్ర డైరెక్టర్లలో ఈ మాట అనని వాళ్లు తక్కువ. ఈ నమ్మకంతోనే ఉన్న కాస్త డబ్బూ విమానం మోడల్ మీద పోస్తారు. రెక్కల మీద రివెట్లు, ఆయిల్ మరకలు, తోక మీద నంబర్లు అన్నీ కుదురుతాయి. తీరా షాట్ రెండర్ అయ్యాక, అంటే కంప్యూటర్ ఫైనల్ బొమ్మ తయారు చేసి ఇచ్చాక చూస్తే వీడియో గేమ్‌లా ఉంటుంది.

అపోహ: అసలు విమానాలు వాడారు కాబట్టే అసలులా కనిపించాయి.

వాస్తవం: చాలాసార్లు అవి ఆ విమానాలే కావు. 1969లో వచ్చిన 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' చూడండి. అందులో జర్మన్ మెసర్‌ష్మిట్‌లుగా ఎగిరినవి స్పెయిన్‌లో తయారైన బుచోన్ విమానాలు. వాటిలో ఉన్నది బ్రిటిష్ రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్! అంటే బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కు పేరు తెచ్చిన ఇంజినే దాని శత్రువు ముక్కులోనూ తిరుగుతోందన్నమాట. అసలు మెసర్‌ష్మిట్‌కు ఎగ్జాస్ట్ గొట్టాలు ముక్కు కింది వైపు ఉంటాయి, బుచోన్‌కు పై వైపు. ఆ సినిమాలో జర్మన్ హైంకెల్ బాంబర్లూ స్పెయిన్‌వే, వాటిలోనూ మెర్లిన్లే. స్టూకా అనే జర్మన్ డైవ్ బాంబర్లైతే రేడియో కంట్రోల్ మోడళ్లు. 1970 నాటి 'టోరా! టోరా! టోరా!'లో జపాన్ జీరో ఫైటర్లుగా కనిపించేవి ఆకారం మార్చి, రంగులేసిన అమెరికన్ ట్రైనింగ్ విమానాలు. విమానాల పిచ్చి ఉన్నవాళ్లు తప్ప హాల్లో ఎవరూ పట్టించుకోలేదు.

మరి నిజంలా ఎందుకు కనిపించింది? కెమెరా వల్ల. 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' గాలి సీన్లకు ఒక బి-25 బాంబర్‌నే కెమెరా విమానంగా మార్చారు. ఆ కెమెరా ఇంకో విమానం పోగలిగిన చోటికే పోగలదు. గాలికి ఊగుతుంది. ముందున్న విమానం ఫ్రేమ్‌లోంచి జారిపోతే ఆపరేటర్ తడుముకుని మళ్లీ పట్టుకుంటాడు. ఆ తడబాటే మన కన్ను నమ్మే సాక్ష్యం. మన కంప్యూటర్‌లో కెమెరాకు బరువు లేదు, భయం లేదు. రెక్క కింద దూరి, ప్రొపెల్లర్ చుట్టూ తిరిగి, కాక్‌పిట్ అద్దంలోంచి బయటికొస్తుంది. మోడల్‌లో లోపం ఎక్కడా కనపడదు, అయినా ప్రేక్షకుడికి నమ్మకం కుదరదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1927లో 'వింగ్స్' తీసిన విలియం వెల్‌మన్ స్వయంగా మొదటి ప్రపంచ యుద్ధంలో ఫైటర్ పైలట్. మబ్బులు రాలేదని షూటింగ్ ఆపి కూర్చున్నాడు. స్టూడియో వాళ్లకు ఒళ్లు మండింది. కానీ ఆయన లెక్క సరైనది. ఖాళీ ఆకాశంలో విమానం ఎంత వేగంగా పోయినా నిలబడినట్టే ఉంటుంది. వెనక మబ్బు కదిలితేనే వేగం కనపడుతుంది. మీ షాట్‌లో వెనకాల ఒట్టి నీలం రంగు పెట్టి, "స్పీడ్ సరిపోలేదు, ఇంకా పెంచండి" అంటే మేమేం చెయ్యం చెప్పండి?

విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది కదా. టెక్స్చర్ల కోసం, అంటే మోడల్ పైన అతికించే రంగు, మరకల బొమ్మల కోసం ఒకసారి పొద్దున్నే వెళ్లి ఫొటోలు తీశాను. నేవీలో ఏళ్ల తరబడి ఎగిరిన అసలు సిసలు విమానం అది. పక్కన మనుషులు లేకుండా డ్రోన్‌తో పైనుంచి తీసిన ఫొటోలు చూపిస్తే మా ఆఫీసులో ఇద్దరు "మోడల్ బాగుంది, ఎవరు చేశారు?" అన్నారు.

డబ్బు తక్కువని టెన్షన్ పడే వాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. అప్పు తెచ్చి షార్ట్ ఫిల్మ్ తీసిన ఒక అబ్బాయి, షాట్లు తేలిపోయాయని దాదాపు ఏడుస్తూ వచ్చాడు. మోడల్ ముట్టుకోలేదు. కెమెరా దారి మొత్తం తీసేసి, పక్కనే ఎగురుతున్న ఇంకో విమానంలో కూర్చున్నట్టు పెట్టాం. కాస్త ఊపు, రెండు వరసల మబ్బు, విమానం అప్పుడప్పుడూ ఫ్రేమ్ అంచు దాటడం, అంతే. పాత మోడలే నిలబడింది. కాబట్టి మోడల్ కోసం ఇంకో అప్పు చెయ్యకండి, బాబూ.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"మినియేచర్ అంటే బొమ్మ, ఇట్టే దొరికిపోతుంది." స్పీడ్ లెక్క తప్పితేనే దొరుకుతుంది. అసలు సైజులో 16వ వంతు మోడల్ అయితే 16కు వర్గమూలం 4, కాబట్టి సెకనుకు 24 బదులు నాలుగు రెట్లు, 96 ఫ్రేములు తీసి మామూలు స్పీడ్‌లో చూపించాలి. అప్పుడే పడే వస్తువుకు బరువు వస్తుంది. నీళ్లు, మంటలు మాత్రం లొంగవు. నీటి చుక్కను చిన్నది చెయ్యలేం కదా.

"ఆ ప్రమాదాలన్నీ సెటప్." అన్నీ కాదు. 'టోరా'లో ఒక చక్రం మీదే దిగిన బి-17 బాంబర్ సీన్ నిజంగా ల్యాండింగ్ గేర్ (కిందికి దిగే చక్రం) ఇరుక్కుపోయి జరిగిందే. కెమెరాలు సిద్ధం చేసి తీసి, సినిమాలో వాడేశారు. అలాగని "అప్పుడే ధైర్యం ఉండేది" అని నిట్టూర్చకండి. 1930 నాటి 'హెల్స్ ఏంజెల్స్' షూటింగ్‌లో మనుషులు చనిపోయారు, నిర్మాత హోవర్డ్ హ్యూస్ కూడా విమానం కూల్చుకుని గాయపడ్డాడు.

"పాత సినిమాలో ఉందంటే చరిత్రలోనూ అంతే." 1955 నాటి 'ది డ్యామ్ బస్టర్స్'లో లాంకాస్టర్ విమానాలు అసలువే, బ్రిటిష్ వైమానిక దళం దగ్గర తీసుకున్నవి. బాంబు మాత్రం కాదు. నీటి మీద ఎగిరెగిరి పడే ఆ బాంబు వివరాలు అప్పటికింకా రహస్యం. అందుకే తెర మీద వేరే ఆకారం చూపించారు. అసలుది స్థూపాకారం, వెనక్కి గిర్రున తిప్పుతూ వదిలేవాళ్లు. ఆ సినిమా చూసి బాంబును గుండ్రంగా మోడల్ చేసుకొచ్చే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.