బల్బు మార్చే ముందు వెలుతురు ఎక్కడ పోతోందో చూడండి

గువ్వలచెరువు ఘాట్‌లో రాత్రిపూట కారు నడిపినవాళ్లకి, నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల దారిలో వెళ్లినవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. ఊళ్లో వీధి దీపాల కింద సరిపోతుందనిపించిన హెడ్‌లైటు అక్కడ చాలదు. రోడ్డు అంచు ఎక్కడో తెలియదు. ముందు పోయే ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు ఉండదు. ఎదురుగా వచ్చే లారీ డిప్ చేయదు. టెన్షన్‌తోనే ఇల్లు చేరతాం. మర్నాడు చాలామంది కార్ డెకార్ షాపుకి వెళ్లి "లైటు చాలట్లేదన్నా, మంచి బల్బు వెయ్యి" అంటారు. షాపతను తెల్లటి ఎల్‌ఈడీ బల్బుల జత తీసి, ఒకటి వెలిగించి గోడ మీద చూపిస్తాడు. గోడ పట్టపగల్లా మెరుస్తుంది.

గోడ మీద కనిపించిన ఆ మెరుపు రోడ్డు మీద పనికొస్తుందా లేదా అన్నది వేరే లెక్క. ఆ లెక్క దూరంతో మొదలవుతుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డంగా ఏదో ఉందని మెదడు గుర్తించి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. టైర్లు బాగుండి, రోడ్డు పొడిగా ఉంటే ఆగడానికి ఇంకో 36 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 70 మీటర్లు. ఇప్పుడు లో బీమ్, అంటే ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి వంచిన లైటు సంగతి చూడండి. హెడ్‌లైటు నేలకి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, దాని పై అంచు ప్రతి 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు వంగేలా సెట్ చేసి ఉంటే, ఆ వెలుతురు 70 మీటర్ల దగ్గర నేలని తాకి ఆగిపోతుంది. అంటే 80 వేగంలో మనం వెలుతురు చివరి అంచు మీద బతుకుతున్నాం. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున రోడ్డు పక్కన నడిచే అయ్యప్ప స్వాముల నల్ల బట్టలు తమ మీద పడిన వెలుతురులో చాలా కొద్ది భాగమే వెనక్కి పంపుతాయి. అలాంటి మనిషి 70 మీటర్ల దగ్గర కనపడడు, ఇంకా బాగా దగ్గరికి వచ్చాకే కనపడతాడు. ఉగాదికి ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తుల విషయంలోనూ ఇదే భయం.

బల్బు వెలుతురు రెట్టింపు చేస్తే చూపు కూడా రెట్టింపు దూరం పోతుందనుకుంటాం. పోదు. దూరం రెట్టింపయితే అక్కడ పడే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. తిరగేసి చెప్తే, రెట్టింపు వెలుతురు ఇచ్చినా 50 మీటర్ల దగ్గర కనిపించే మనిషి 70 మీటర్ల దగ్గర కనిపిస్తాడు, అంతే. 30 శాతం ఎక్కువ వెలుతురిచ్చే బల్బుతో 57 మీటర్లు. లో బీమ్‌లో ఆ కాస్త కూడా పూర్తిగా దక్కదు, ఎందుకంటే పై అంచు దాటి వెలుతురు పోకూడదన్నదే ఆ దీపం తయారీలోని నియమం. అదే వేగం 80 నుంచి 65కి తగ్గిస్తే, ఆగడానికి కావాల్సిన 70 మీటర్లు 51కి దిగుతాయి. అంత లాభం ఇచ్చే బల్బు ఏ షాపులోనూ లేదు.

అలాగని మన హెడ్‌లైట్లు ఇవ్వాల్సినంత వెలుతురు ఇస్తున్నాయా అంటే, పాత కార్లలో చాలావరకు ఇవ్వడం లేదు. నేను బల్బు కంటే ముందు వైరింగ్ చూపించుకోమనేది అందుకే. మన రోడ్ల మీది చాలా కార్లలో ఉండే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది, అంటే హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55. బల్బు కాళ్ల దగ్గర 13.2 వోల్టులు అందినప్పుడు లో బీమ్‌లో 1000 ల్యూమెన్లు (వెలుతురుకి కొలత), హై బీమ్‌లో 1650 ల్యూమెన్లు ఇవ్వాలని దాని ప్రమాణం. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంటుంది. కానీ ఆ కరెంటు సన్నటి తీగల్లోంచి, స్విచ్‌లోంచి, తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్‌లోంచి బల్బుకి చేరేసరికి 12 వోల్టులే మిగలవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న బోరు మోటారుకి లో వోల్టేజీ వచ్చినట్టే ఇదీ. పోయింది వోల్టు చిల్లరే కదా అనిపిస్తుంది. కానీ హాలోజన్ ఫిలమెంటు వెలుతురు వోల్టేజీకి దాదాపు 3.4వ ఘాతంలో మారుతుంది. 13.2 బదులు 12 వోల్టులు అందితే వెలుతురులో నాలుగో వంతుకు పైగా మాయమవుతుంది, రంగు కూడా పసుపుకి తిరుగుతుంది.

మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర బండి స్టార్ట్‌లో పెట్టి, లైట్లు వేసి, బల్బు హోల్డర్ దగ్గర మల్టీమీటరుతో చూపించుకుంటే ఈ సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది. వోల్టేజీ తక్కువుంటే ఎర్త్ శుభ్రం చేసి, ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి లావు తీగలతో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) వైరింగ్ వేయించాలి. అప్పుడు స్విచ్ రిలేని మాత్రమే నడుపుతుంది, బల్బుకి వెళ్లే కరెంటు నేరుగా వెళ్తుంది. బల్బు పాతదే, వెలుతురు కొత్తది. వారంటీలో ఉన్న కారైతే మాత్రం ముందు కంపెనీ సర్వీసులో అడగండి.

ఇది చేయకుండా 100/90 వాట్ల బల్బు వేయించడం నాకు అసలు నచ్చని పని. హై బీమ్‌లో 60 వాట్ల ఫిలమెంటు 5 ఆంపియర్లు లాగితే 100 వాట్లది 8.3 ఆంపియర్లు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది రెండున్నర రెట్లు దాటుతుంది. హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ పూత నల్లబడుతుంది. వోల్టేజీ ఇంకా పడిపోతుంది కాబట్టి డబ్బాలో రాసిన వాట్లకి తగిన వెలుతురు కూడా రాదు.

"ప్లస్ 100", "ప్లస్ 130" అని రాసి అమ్మే హాలోజన్ బల్బుల గురించి రెండు మాటలు. అవి 60/55 వాట్లవే. మొత్తం ల్యూమెన్లు కూడా అదే ప్రమాణానికి లోబడి ఉంటాయి. ఫిలమెంటుని ఇంకా వేడిగా, ఇంకా ఇరుకుగా చుట్టి, రోడ్డు మీద కొన్ని చోట్ల వెలుతురు గుచ్చినట్టు పడేలా చేస్తారు. పేరున్న కంపెనీవైతే తేడా నిజంగానే తెలుస్తుంది, కాకపోతే త్వరగా మాడిపోతాయి. నీలం రంగు పూసిన బల్బులు మాత్రం కొనకండి. ఆ పూత ఎరుపు, పసుపు వెలుతురుని ఆపేసి తెల్లగా కనిపించేలా చేస్తుంది. ఆపిన వెలుతురు రోడ్డుకి చేరదు.

ఇక ఎల్‌ఈడీ. కంపెనీయే ఎల్‌ఈడీ కోసం లెన్సు, రిఫ్లెక్టర్ అన్నీ తయారుచేసి ఇచ్చిన హెడ్‌ల్యాంపు అద్భుతమైన వస్తువు, దాన్ని నేను తప్పు పట్టను. చిక్కంతా హాలోజన్ కోసం చేసిన డోములో ఎల్‌ఈడీ బల్బు దూర్చడంలో ఉంది. హెడ్‌లైటు వెనక ఉండేది నాభి దగ్గర, అంటే వెలుగు సరిగ్గా ఉండాల్సిన బిందువు దగ్గర ఫిలమెంటు ఉంటుందని నమ్మి ఒంపు తీర్చిన అద్దం. అద్దం నుంచి నాభికి ఉండే దూరం 25 మిల్లీమీటర్లు అనుకుంటే, వెలుగు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు పైకో కిందికో జరిగినా, 25 మీటర్ల దూరంలో కిరణం ఒక మీటరు పక్కకి పోతుంది. లో బీమ్‌ని కిందికి వంచేది 25 మీటర్లకి పాతిక సెంటీమీటర్లే. అంటే ఒక మిల్లీమీటరు పొరపాటు ఆ వంపుకి నాలుగింతలు.

పైగా హెచ్4లో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుతురు అద్దం పై సగానికే వెళ్లి కిందికి తిరిగేలా చేసేది అదే. మన దేశంలో ఎడమ వైపు నడుస్తాం కాబట్టి, ఎడమ అంచున నడిచేవాళ్లు కనపడేలా బీమ్ ఆ వైపు కాస్త పైకి లేస్తుంది. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు ఒక పలక రెండు పక్కలా ఉంటాయి. నాసిరకం వాటిలో అవి ఫిలమెంటు ఉండాల్సిన చోట ఉండవు. దాంతో ఈ అమరికంతా చెదిరిపోతుంది. కారు ముందు 10, 15 మీటర్ల మేర రోడ్డు తెల్లగా వెలిగిపోతుంది, దూరంలో మాత్రం పలచబడుతుంది. దగ్గరి వెలుగుకి కన్ను అలవాటు పడిపోవడంతో దూరపు చీకటి ఇంకా చీకటవుతుంది. నడిపేవాడికి బాగా కనిపిస్తోందన్న ధైర్యం పెరుగుతుంది, చూపు తగ్గుతుంది. ఎదుటివాడి కళ్లలో పడే వెలుగు సంగతి చెప్పక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అంటోంది.

మన ప్రాంతంలో వెలుతురు పోయే ఇంకో దారి హెడ్‌లైటు పైనున్న ప్లాస్టిక్కే. అది పాలీకార్బొనేట్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పై పూత పోయి, పచ్చబడి, మబ్బు పడుతుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి దుమ్ములో తిరిగే బండ్లని పొడిగుడ్డతో తుడిస్తే సన్నటి గీతలు కూడా పడతాయి. మబ్బు పట్టిన ప్లాస్టిక్ వెలుతురుని తగ్గించడమే కాదు, మిగిలినదాన్ని అన్ని వైపులా చెదరగొడుతుంది. 1000, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, పాలిష్ చేసి, చివర యూవీ క్లియర్ కోటు వేయించాలి. ఆ కోటు వేయకపోతే మళ్లీ త్వరలోనే మబ్బు పడుతుంది. కారు ముందు అద్దాన్ని (విండ్‌షీల్డుని) లోపలి వైపు కూడా తుడవండి. డాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకి వదిలే ఆవిరి అక్కడ సన్నటి జిడ్డు పొరలా పేరుకుని, ఎదురు లైటు పడగానే అద్దమంతా తెల్లబారుతుంది.

స్టీరింగు పక్కన 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. దాన్ని ఎప్పుడూ తిప్పనివాళ్లే ఎక్కువ. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో వేరుశనగ మూటలు పడితే కారు వెనక భాగం కుంగి, లైట్లు ఆకాశం చూస్తాయి. అప్పుడు అంకె పెంచితే బీమ్ కిందికి దిగుతుంది. డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు 0 మీద ఉండాలి. ఎప్పుడో ఎవరో 3 మీద పెట్టి వదిలేసినందుకు లైటు చాలట్లేదని బల్బులు మార్చినవాళ్లూ ఉంటారు.

యాభై దాటినవాళ్లు కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాలి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కంటిలోని కటకం పచ్చబడుతుంది. ఇరవై ఏళ్ల వాడి రెటీనాకి చేరే వెలుతురులో అరవై ఏళ్ల వాడికి చేరేది సుమారు మూడో వంతే. శుక్లం మొదలైతే ఎదురు లైటు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. దానికి బల్బులో మందు లేదు.

అనంతపురం జిల్లా రోడ్ల మీద రాత్రిపూట గొర్రెల మంద ఎదురైతే ముందు కళ్లు మెరుస్తాయి. వాటి రెటీనా వెనక వెలుతురుని తిప్పి పంపే పొర ఉంటుంది. మనిషి కంటికి అది లేదు, అందుకే మంద వెనక వచ్చే కాపరి చివరిదాకా కనపడడు. రేడియం టేపు కూడా తన మీద పడిన వెలుతురుని వచ్చిన వైపుకే, అంటే నేరుగా డ్రైవరు కళ్ల వైపుకే తిప్పి పంపుతుంది. అందుకే లో బీమ్ అంచున పడే మసక వెలుతురుకి కూడా అది దూరం నుంచే వెలుగుతుంది. ఇంట్లో ట్రాక్టర్ ఉంటే ట్రాలీ వెనక రెండు మూలలా ఎర్ర టేపు అంటించండి, కాపరి చేతికర్రకి ఒక చుట్టు చుట్టించండి. మట్టి పట్టిన టేపు పనిచేయదు కాబట్టి పొలం నుంచి రోడ్డెక్కే ముందు ఒకసారి తడిగుడ్డతో తుడవాలి.